ఖండాంతర వలస రైళ్ళు (అమెరికా, కెనడా): టికెట్ అంత చవక, ప్రయాణం అంత కష్టం – ఎందుకు?

పట్టాలవెంట (సికింద్రాబాద్)

అందరికీ నమస్కారం. అమెరికా ఖండాంతర రైలుమార్గం మాట వస్తే మన చర్చలన్నీ 1869 మే 10న యూటాలోని ప్రోమంటరీ సమ్మిట్‌లో, తూర్పు నుంచీ పడమర నుంచీ వేసుకొచ్చిన పట్టాలు కలిసిన చోట, బంగారు మేకు దిగ్గొట్టడంతో ఆగిపోతున్నాయి. ఆ తర్వాత ఆ పట్టాల మీద ఎవరు ఎలా వెళ్ళారన్నది ఎవరూ ఎత్తరు. స్వీడన్ నుంచో జర్మనీ నుంచో వచ్చి న్యూయార్క్‌లో ఓడ దిగి, పిల్లల్నీ మూటల్నీ వెంటేసుకుని ఇంకో రెండు మూడు వేల మైళ్ళు రైల్లో వెళ్ళిన కుటుంబాల కోసం ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నాను.

ఈ లైను తూర్పు కొస ఒమాహా నుంచి కాలిఫోర్నియాలోని శాక్రమెంటోకి 1,776 మైళ్ళు. తొలి ఏళ్ళలో ఫస్ట్ క్లాస్ టికెట్ 100 డాలర్లు, వలసదారుల టికెట్ 40 డాలర్లు. ఎక్స్‌ప్రెస్ ఆ దూరాన్ని నాలుగు రోజుల పైచిలుకులో దాటేది. వలస బండి వారం దాటించేది. మెత్త లేని చెక్క బెంచీలు, పెట్టెకో స్టవ్, ఒక మూల మరుగుదొడ్డి. పడుకోవడానికి ఏ ఏర్పాటూ ఉండేది కాదు.

నా వాదన ఏమిటంటే, ఈ చవక టికెట్‌కి అసలు కారణం భూమి. 1862 రైల్వే చట్టం, 1864 సవరణ కలిపి ఈ లైను వేసిన యూనియన్ పసిఫిక్, సెంట్రల్ పసిఫిక్ కంపెనీలకి వేసిన ప్రతి మైలు పట్టాకీ 20 సెక్షన్ల భూమి రాసిచ్చాయి. సెక్షన్ అంటే 640 ఎకరాలు, అంటే మైలుకి 12,800 ఎకరాలు. మనిషి లేని చోట ఆ భూమిని ఎవరు కొంటారు? పంట లేని చోట గూడ్సుకి సరుకు ఎక్కడిది? అందుకని కంపెనీకి టికెట్ మీద లాభం రాకపోయినా నష్టం లేదు. ఆ కుటుంబం అక్కడ స్థిరపడితే ముందు భూమి సొమ్ము వస్తుంది, తర్వాత ఏటా గోధుమల కిరాయి వస్తుంది.

మరి అంత కావాల్సిన మనిషిని దారిలో అంత హీనంగా ఎందుకు చూశారు? మీరంతా ఏమంటారో వినాలని ఉంది.

గూడ్స్‌గార్డు (విజయవాడ)

బాబూ, నేను గార్డుగా చేసి రిటైరైన వాణ్ణి. ఆలస్యం సంగతి నేను చెప్తాను, మిగతాది మీరు చూసుకోండి.

అది సింగిల్ లైను. ఎదురుగా బండి వస్తుంటే ఒకటి లూప్‌లోకి, అంటే పక్క పట్టా మీదికి, పోవాల్సిందే. ఏది పోవాలన్నది బండి హోదాని బట్టి. ఎక్స్‌ప్రెస్‌కి, మెయిల్‌కి దారి వదలాలి. వలసదారుల పెట్టెల్ని చాలాచోట్ల గూడ్సుకే తగిలించేవారు, కాబట్టి వాటి హోదా గూడ్సుదే. ఎడారిలో నీళ్ళ ట్యాంకు తప్ప ఏమీ లేని చోట గంటల తరబడి నిలబడిపోయేవి.

రెండో సంగతి బ్రేకులు. గాలి ఒత్తిడితో పనిచేసే వెస్టింగ్‌హౌస్ ఎయిర్ బ్రేకు 1869లోనే వచ్చింది, కానీ ముందు ప్యాసింజర్ బళ్ళకే పెట్టారు. గూడ్సులో బ్రేక్‌మ్యాన్ పెట్టెల కప్పు మీద నడుస్తూ ఒక్కో పెట్టె మీదున్న చేతి చక్రం తిప్పి బ్రేకు బిగించేవాడు. మంచు పడితే ఆ కప్పు మీద నడవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. 1893లో చట్టం చేశాక గానీ గూడ్సుకి ఎయిర్ బ్రేకు తప్పనిసరి కాలేదు. ఆ బ్రేకులతో పెద్ద స్పీడు తీయలేరు.

ఇంకొకటి, 1872 దాకా ఒమాహా దగ్గర మిస్సోరి నది మీద వంతెన లేదు. 1869లో ఖండం కలిసిందని సంబరాలు చేశారు గానీ, జనం అక్కడ దిగి పడవలో నది దాటి మళ్ళీ బండెక్కేవారు.

సుభద్ర_వి (హైదరాబాద్)

అన్నేసి రోజులు ఏం తిన్నారండీ? చంటిపిల్లలున్న తల్లులు ఎలా నెట్టుకొచ్చారు? బ్రేకులూ సెక్షన్లూ సరే, నాకు ఇది తెలియాలి.

పట్టాలవెంట

మంచి ప్రశ్న సుభద్ర గారూ. దీనికి మనకి ఒక మంచి ప్రత్యక్ష సాక్షి దొరికాడు. స్కాటిష్ రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1879 ఆగస్టులో న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి వలస రైళ్ళలోనే వెళ్ళాడు. అప్పటికి ఆయనకి ఇంకా పేరు రాలేదు, చేతిలో డబ్బు లేదు, ఒంట్లో బాగాలేదు. 18న బయల్దేరితే 30న చేరాడు. దారిలో చూసినదంతా రాశాడు.

మిస్సోరి నది దగ్గర బండి మారేచోట జనాన్ని మూడు భాగాలు చేశారట. కుటుంబాలకీ ఆడవాళ్ళకీ పిల్లలకీ ఒక పెట్టె, ఒంటరి మగవాళ్ళకి ఒకటి, చైనావాళ్ళకి ఒకటి. పడక కోసం ఒకతను బల్ల, గడ్డి కూరిన దిండ్లు అమ్మేవాడు. ఎదురెదురు బెంచీల మీద బల్ల వేసుకుంటే ఇద్దరికి పడక. ఒంటరిగా వచ్చిన మగవాళ్ళకి అక్కడికక్కడే జత కుదిర్చేవాడు. ముందు రెండున్నర డాలర్లు చెప్పి, బండి కదిలే వేళకి ఒకటిన్నరకి దిగాడట. నాకు ఇక్కడ మండిపోతుంది. కంపెనీ పడక ఇవ్వలేదు, ఆ లేమి మీద ఇంకొకడు వ్యాపారం చేసుకున్నాడు.

తిండికి కొంతమంది ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టె, ఎండు మాంసం. కొంతమంది పెట్టెలోని స్టవ్ మీద కాఫీ కాచుకునేవారు. బండిలో తిరిగే కుర్రాడి దగ్గర డబ్బా తిండి, పంచదార, టీ, సబ్బు, తువ్వాలు, మొహం కడుక్కునే రేకు పళ్ళెం దొరికేవి. ముగ్గురు కలిసి ఒక పళ్ళెం, ఒక తువ్వాలు, ఒక సబ్బు కొని వంతులవారీగా వాడుకున్నారు. పెట్టె చివర బయట ప్లాట్‌ఫాం మీద, ఒక చెయ్యి కమ్మీకి చుట్టి పట్టుకుని, కదిలే బండిలో మొహం కడుక్కోవాలి.

భోజనానికి స్టేషన్‌లో ఆగినప్పుడు ఇంకో టెన్షన్. మామూలు బళ్ళకి బయల్దేరేముందు గట్టిగా కేకేసి పిలిచేవారు. వలస బండికి అదీ లేదు. చప్పుడు చెయ్యకుండా కదిలిపోయేది, అందుకని ఒక కన్ను పళ్ళెం మీద, ఒక కన్ను బండి మీద పెట్టుకుని తినాల్సి వచ్చేది. పిల్లల్ని దింపిన తల్లి పరిస్థితి ఏమిటో మీరే ఆలోచించండి.

సుభద్ర_వి

పిలవడానికి ఎంత ఖర్చవుతుందండీ? ఒక కేక. అదే నాకు అన్నిటికంటే బాధగా ఉంది.

నల్లరేగడి (కర్నూలు)

భూమి వాదన నాకు సగమే అందింది పట్టాలవెంట గారూ. 1862లోనే హోమ్‌స్టెడ్ చట్టం వచ్చింది కదా. చిన్న ఫీజు కట్టి అయిదేళ్ళు ఉండి సాగు చేస్తే 160 ఎకరాలు ప్రభుత్వమే ఇచ్చేది. ఉచితంగా భూమి దొరుకుతుంటే రైల్వే దగ్గర డబ్బు పోసి ఎవరు కొంటారు? వ్యవసాయం తెలిసినవాడెవడూ కొనడు.

పట్టాలవెంట

వ్యవసాయం తెలిసినవాడే కొనేవాడు నల్లరేగడి గారూ, అసలు తిరకాసు అక్కడే ఉంది.

రైల్వేకి ఇచ్చిన సెక్షన్లు పట్టాకి రెండువైపులా చదరంగం గళ్ళలా ఉండేవి. బేసి నంబర్లు కంపెనీవి, సరి నంబర్లు ప్రభుత్వానివి. అయితే ఆ హద్దుల్లో ఉన్న ప్రభుత్వ గళ్ళలో హోమ్‌స్టెడ్ కింద చాలాకాలం 80 ఎకరాలే ఇచ్చారు. 160 ఉచితంగా కావాలంటే పట్టాలకి దూరం పోవాలి. పండిన గోధుమల్ని గుర్రపుబండి మీద స్టేషన్‌కి మోయడానికి రోజులు పడితే ఆ ఉచిత భూమి ఏం లాభం? అందుకని పట్టా దగ్గర కొనేవాళ్ళు ఉండేవారు, అదీ వాయిదాల మీద.

అమ్మడానికి కంపెనీలు యూరప్‌లోనే ఏజెంట్లని పెట్టాయి. జర్మన్, స్వీడిష్, నార్వేజియన్ భాషల్లో కరపత్రాలు పంచారు. ఉత్తరాన లైను వేసిన నార్తర్న్ పసిఫిక్ కంపెనీకి దాదాపు 4 కోట్ల ఎకరాల గ్రాంటు ఉంది. వాళ్ళ లైను మీద డకోటాలో ఒక ఊరికి 1873లో జర్మనీ ఛాన్సలర్ పేరు, బిస్మార్క్ అని పెట్టారు. జర్మన్ పెట్టుబడులు, జర్మన్ రైతులు రావాలని. ఇప్పుడు అది నార్త్ డకోటా రాజధాని. కొన్ని కంపెనీలు భూమి చూడటానికి వచ్చేవాడికి టికెట్ అమ్మి, భూమి కొంటే ఆ డబ్బు ధరలో తగ్గించేవి. 1874లో రష్యా నుంచి కాన్సస్ వచ్చిన మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖ రైతులకి సాంటా ఫే రైల్వే భూములు అమ్మింది. వాళ్ళు తెచ్చిన టర్కీ రెడ్ అనే చలికాలపు గోధుమే తర్వాత కాన్సస్‌కి పేరు తెచ్చింది.

నల్లరేగడి

80 ఎకరాల మెలిక తెలియదు. కాలవ కింద భూమికీ మెట్టకీ ఉన్న తేడా లాంటిదే అన్నమాట. అర్థమైంది.

అయితే ఇంకో మాట. ఆ గళ్ళన్నీ గీసింది ఎవరి నేల మీద? 1868లో ఫోర్ట్ లారమీలో అక్కడి లకోటా తెగవాళ్ళతో ఒప్పందం రాసుకున్నారు. 1871లో ఇక ఏ తెగతోనూ కొత్త ఒప్పందాలు లేవని కాంగ్రెస్ తేల్చేసింది. 1877లో లకోటాల బ్లాక్ హిల్స్ కొండలు లాక్కున్నారు. వలస కుటుంబం పడిన కష్టం నిజమే, కానీ ఆ కష్టం చివర వాళ్ళకి దొరికిన భూమి ఇంకొకళ్ళ దగ్గర గుంజుకున్నది. ఇది చెప్పకుండా ఈ థ్రెడ్ ముందుకి పోకూడదు.

గూడ్స్‌గార్డు

నిజం. అడవిదున్నల మందల్ని తుడిచిపెట్టిందీ ఆ పట్టాలే. తోళ్ళు తూర్పుకి మోసుకుపోవడానికి బండి దొరికాక వేటకి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. 1880లు గడిచేసరికి కోట్లలో ఉన్న దున్నలు వందల్లోకి వచ్చాయి.

హాంబర్గ్_రవి (జర్మనీ)

మీరంతా న్యూయార్క్‌లో ఓడ దిగినప్పటి నుంచి మొదలుపెడుతున్నారు. వాళ్ళ రైలు ప్రయాణం అంతకు ముందే మొదలైంది. నేను ఉండే ఊరే దానికి సాక్ష్యం కాబట్టి రాస్తున్నాను.

రష్యా, ఆస్ట్రియా-హంగరీల నుంచి వచ్చే యూదులు, పోలిష్ రైతులు హాంబర్గ్ లేదా బ్రెమెన్ ఓడరేవు చేరాలంటే జర్మనీ అంతా రైల్లో దాటాలి. బెర్లిన్ ఊళ్ళోకి వాళ్ళు రావడం అధికారులకి ఇష్టం లేదు. అందుకే 1891లో ఊరి బయట రూలేబెన్‌లో వలసదారుల కోసమే ఒక స్టేషన్ కట్టారు. మరుసటి ఏడాది హాంబర్గ్‌లో కలరా వచ్చి 8,000 మందికి పైగా చనిపోయారు. ఊరి నీటిని వడగట్టకుండా ఎల్బే నది నుంచి నేరుగా ఇవ్వడం అసలు కారణం. కానీ నింద రష్యా నుంచి వచ్చినవాళ్ళ మీద పడింది.

ఆ తర్వాత సరిహద్దుల్లో తనిఖీ స్టేషన్లు వచ్చాయి. వాటిని నడిపింది ప్రభుత్వం కాదు, ఓడ కంపెనీలు. అమెరికా తిప్పి పంపిన మనిషిని వెనక్కి తేవాల్సింది ఓడ కంపెనీయే, ఆ ఖర్చు తప్పించుకోవడానికి ముందే వడపోసేవి. అక్కడ స్నానం, బట్టలకి ఆవిరి, డాక్టరు పరీక్ష. టికెట్, డబ్బు ఉన్నాయో లేదో చూడటం. ఒక్కో కుటుంబంలో ఒక పిల్లకి కంటి జబ్బు ఉందని ఆపేస్తే మిగతావాళ్ళు ఏం చెయ్యాలి? నెగ్గినవాళ్ళని మామూలు ప్రయాణికులతో కలవనివ్వకుండా వేరే బళ్ళలో ఓడరేవు దాకా పంపేవారు. హాంబర్గ్‌లో వాళ్ళకోసం 1901లో కట్టిన వసతి హాళ్ళ స్థలంలో ఇప్పుడు మ్యూజియం ఉంది.

స్వీడన్, నార్వేల నుంచి వచ్చేవాళ్ళది ఇంకో దారి. ఓడలో ఇంగ్లాండ్ తూర్పు తీరంలోని హల్‌కి, అక్కడి నుంచి రైల్లో దేశం అడ్డంగా దాటి లివర్‌పూల్‌కి, మళ్ళీ ఓడ. హల్ స్టేషన్‌లో 1871లో వలసదారులకి విడిగా వెయిటింగ్ రూమ్ కట్టారు.

అందుకని పట్టాలవెంట గారూ, "భూమి కోసం చవక టికెట్" అన్నది అమెరికా పడమటికి సరిపోతుంది. జర్మన్ రైళ్ళకి, ఓడలకి మనిషి భూమి కొనేవాడు కాదు, సరుకు. తలకి ఇంత అని లెక్క.

పట్టాలవెంట

రవి గారూ, ఇది నాకు చాలా విలువైన పోస్టు. అయితే ఆ రెండూ ఒకే గొలుసు అనుకుంటున్నాను. ఊళ్ళో ఏజెంటు దగ్గర ఓడ టికెట్‌తోపాటు షికాగో దాకానో మినియాపొలిస్ దాకానో రైలు టికెట్ కూడా కలిపి కొనేవాళ్ళు చాలామంది. కొననివాళ్ళ కోసం రేవులో దొంగ ఏజెంట్లు కాచుకుని ఉండేవారు. నకిలీ టికెట్లు, సగం దూరానికే చెల్లే టికెట్లు అంటగట్టేవారు. 1855లో న్యూయార్క్ రాష్ట్రం క్యాజిల్ గార్డెన్‌లో వలస కేంద్రం తెరిచి, లోపలే రైలు టికెట్లు అమ్మించడానికి ఒక ముఖ్య కారణం ఆ మోసాలే. 1892 జనవరి 1న ఎలిస్ ఐలండ్ తెరిచాక అక్కడా అదే పద్ధతి. కోటుకి రైల్వే పేరున్న చీటీ గుచ్చి, పడవల్లో న్యూజెర్సీ వైపు స్టేషన్లకి తీసుకెళ్ళేవారు. భాష రాని మనిషిని కండక్టర్లు ఆ చీటీ చూసే ఎక్కించేవారు, దించేవారు.

కాకినాడ_వాస్తవ్యుడు

చైనావాళ్ళ పెట్టె గురించి ఒక్క ముక్కలో దాటేశారు. సెంట్రల్ పసిఫిక్ లైను వేసినవాళ్ళలో అత్యధికులు చైనీయులే, పది వేల మందికి పైనే. సియెర్రా కొండల్లో గ్రానైట్ తొలిచి సొరంగాలు తీసింది వాళ్ళు. పదేళ్ళు తిరిగేసరికి వాళ్ళు వేసిన పట్టాల మీదే వాళ్ళకి వేరే పెట్టె. 1882లో చైనా కూలీలు దేశంలోకే రాకూడదని చట్టం. 1885 సెప్టెంబరులో వయోమింగ్‌లోని రాక్ స్ప్రింగ్స్ బొగ్గు గనుల దగ్గర 28 మందిని చంపేశారు. ఆ గనులు యూనియన్ పసిఫిక్ రైల్వేవే.

పట్టాలవెంట

నిజమేనండీ. స్టీవెన్సన్ కూడా ఇది గమనించాడు. తెల్లవాళ్ళు చైనావాళ్ళని మురికివాళ్ళని తిట్టేవారు, కానీ బండి మొత్తంలో అన్నిటికంటే శుభ్రంగా ఉన్నది వాళ్ళ పెట్టేనని రాశాడు. ఉన్న నీళ్ళతో, ఆ కాస్త చోటులో రోజంతా ఒళ్ళు శుభ్రం చేసుకునేవారట.

ప్రెయిరీ_శారద (సస్కచెవాన్, కెనడా)

కెనడా వైపు కొంచెం వేరుగా జరిగింది, చెప్తాను.

కెనడియన్ పసిఫిక్ చివరి మేకు 1885 నవంబరు 7న బ్రిటిష్ కొలంబియాలోని క్రెగెలాకీలో కొట్టారు. మాంట్రియల్ నుంచి మొదటి ఖండాంతర ప్యాసింజర్ బండి 1886 జూన్ 28న బయల్దేరి జూలై 4న పసిఫిక్ ఒడ్డున పోర్ట్ మూడీ చేరింది. ఈ కంపెనీకి ప్రభుత్వం రెండున్నర కోట్ల డాలర్లు, రెండున్నర కోట్ల ఎకరాలు ఇచ్చింది. కాబట్టి భూమి లెక్క ఇక్కడా అదే.

కానీ వీళ్ళు "కాలనిస్ట్ కారు" అని ఒక పెట్టె తయారుచేశారు. ఇక్కడ ఒక రైల్వే మ్యూజియంలో లోపలికి ఎక్కి చూశాను. చెక్క పలకల సీట్లే, కానీ ఎదురెదురు సీట్లని ముందుకి లాగితే కలిసిపోయి పడక అవుతుంది. పైన మడిచిపెట్టిన ఇంకో బెర్తు కిందికి దిగుతుంది. పరుపు, దుప్పటి ఎవరివి వాళ్ళవే. ఒక చివర వంట స్టవ్. పెట్టెలో అన్ని కుటుంబాలకీ ఆ ఒక్క పొయ్యే. ఆడవాళ్ళు వంతులు వేసుకుని వండేవారు, పాలు కాచేవారు. సుభద్ర గారూ, మీరడిగిన చంటిపిల్లల విషయంలో ఇదే పెద్ద తేడా. పడకకి విడిగా డబ్బు కట్టక్కర్లేదు.

అలాగని సుఖంగా వెళ్ళారని కాదు. 1903లో బార్ కాలనీ అని బ్రిటన్ నుంచి దాదాపు 2,000 మంది ఒక్క ఓడలో వచ్చారు. ఆ ఓడలో అంతమందికి సరిగ్గా చోటే లేదు. తూర్పు తీరంలోని సెయింట్ జాన్‌లో దిగి వరసగా కొన్ని రైళ్ళలో సస్కటూన్ చేరారు. అక్కడితో పట్టా అయిపోయింది. ఇంకో 200 మైళ్ళు ఎద్దుబళ్ళ మీద, గుర్రపుబళ్ళ మీద వెళ్ళాలి. పట్నాల్లో గుమాస్తాలుగా, కొట్లలో పనిచేసినవాళ్ళు చాలామంది, కాడి కట్టడం ఎప్పుడూ చూడలేదు. ఏప్రిల్‌లో ఇక్కడ ఇంకా మంచు కరగదు. నాకు మొదటి చలికాలంలో హీటర్ ఉన్న ఇంట్లోనే ఏడుపొచ్చింది, వాళ్ళు గుడారాల్లో ఉన్నారు.

కాకినాడ_వాస్తవ్యుడు

శారద గారూ, కెనడా కొండల్లో ఆ లైను వేసినవాళ్ళలోనూ చైనీయులు వేలల్లో ఉన్నారు. లైను పూర్తయిన 1885లోనే వాళ్ళ మీద తలకి 50 డాలర్ల పన్ను వేశారు. 1903కి అది 500 అయింది.

ప్రెయిరీ_శారద

అవునండీ. బార్ కాలనీవాళ్ళకి స్వాగతం పలికిన ఏడాదే అది.

సుభద్ర_వి

అదే కాలంలో మనవాళ్ళు కూడా దక్షిణాఫ్రికాలోని నాటాల్, బర్మా, అస్సాం వెళ్ళారు కదా. వాళ్ళకి ఇలాంటి రైలు ప్రయాణాలు ఉండేవా?

గూడ్స్‌గార్డు

అమ్మా, మన కోస్తా నుంచి ఎక్కువగా స్టీమర్లే. నాటాల్‌కి మొదటి ఓడ ట్రూరో 1860లో మద్రాసు నుంచి వెళ్ళింది, అందులో తెలుగువాళ్ళున్నారు. అప్పటికి మద్రాసు రైల్వే మొదలై నాలుగేళ్ళే, రాయపురం నుంచి ఆర్కాటు వైపు. గోదావరి, విశాఖ జిల్లాలకి పట్టా 1890లలో గానీ రాలేదు. బెజవాడ నుంచి మద్రాసుకి 1899లో, గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన 1900లో. అందుకే రంగూన్ వెళ్ళేవాళ్ళు కాకినాడలోనో విశాఖలోనో భీమిలిలోనో నేరుగా ఓడెక్కేవారు. అస్సాం తేయాకు తోటలకి పోయినవాళ్ళ దారిలో మాత్రం రైలూ, నది స్టీమరూ రెండూ ఉన్నాయి. పైగా అక్కడికి పోయినవాడికి భూమి ఆశ లేదు, కూలి ఒప్పందమే. దాన్ని దీనితో కలపకూడదు, విడిగా థ్రెడ్ పెట్టండి.

ఇక చవక టికెట్ గురించి పట్టాలవెంట బాబుతో ఒక పేచీ. అంతా భూమే అంటే నేను ఒప్పుకోను. 1887 మార్చిలో సాంటా ఫే, సదరన్ పసిఫిక్ పోటీపడి కాన్సస్ సిటీ నుంచి లాస్ ఏంజిలిస్‌కి టికెట్ ఒక్క డాలరుకి దించాయి. కాసేపే అనుకోండి. అది పక్క కంపెనీని దెబ్బకొట్టడానికి చేసిన పని.

పట్టాలవెంట

గార్డు గారూ, పోటీ కారణమే, కాదనను. కానీ ఆ ధరలకి దక్షిణ కాలిఫోర్నియాకి జనం ఎగబడి, ఆ ఏడాదే అక్కడ స్థలాల ధరలు ఎలా పెరిగాయో చూడండి. సదరన్ పసిఫిక్‌కి ఆ రాష్ట్రంలో బోలెడు భూమి ఉంది. టికెట్ మీద నష్టం భరించగలిగింది అందుకే. 

నల్లరేగడి

సామాను, పశువులు ఎలా తీసుకెళ్ళేవారు? నాగలి, విత్తనం, ఆవు లేకుండా దిగి ఏం చేస్తారు?

ప్రెయిరీ_శారద

ఒక గూడ్సు పెట్టె మొత్తం అద్దెకి తీసుకునేవారు నల్లరేగడి గారూ. ఒక వైపు గుర్రాలు, ఆవు, కోళ్ళు. ఇంకో వైపు నాగలి, మంచాలు, స్టవ్, విత్తనం. పశువులకి మేత, నీళ్ళు పెట్టడానికని ఒక మగమనిషిని అందులోనే రానిచ్చేవారు. భార్య, పిల్లలు ప్యాసింజర్ బండిలో, ఆయన ఆవు పక్కన గడ్డి మీద. యూరప్ నుంచి కొత్తగా వచ్చినవాళ్ళ కంటే, అయోవా, మినసోటా లాంటి చోట్ల కొన్నేళ్ళు సాగు చేసి ఇంకా పడమటికి కదిలినవాళ్ళు ఎక్కువగా ఇలా వెళ్ళేవారు.

గూడ్స్‌గార్డు

పశువుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. 1873లో అమెరికా ఒక చట్టం చేసింది. రైల్లో తీసుకెళ్ళే పశువుల్ని ఏకబిగిన 28 గంటలకి మించి పెట్టెలో ఉంచకూడదు. దించాలి, నీళ్ళు పెట్టాలి, మేత వెయ్యాలి, విశ్రాంతి ఇవ్వాలి. ఉల్లంఘిస్తే కంపెనీకి జరిమానా. పట్టాలవెంట బాబూ, నువ్వు మొదట అడిగిన దానికి ఇది నా జవాబు. పశువు దారిలో చస్తే నష్టపోయే యజమాని ఉన్నాడు, కోర్టుకి వెళ్తాడు. టికెట్ కొన్న వలసదారు తరఫున అడిగేవాడు లేడు, వాడికి భాష రాదు, ఓటు లేదు, దిగాక మళ్ళీ ఆ బండి ఎక్కడు.

పట్టాలవెంట

ఈ చట్టం సంగతి నేను వెతుకుతున్న వాదనకి బాగా అతుకుతుంది గార్డు గారూ. దీనికి పక్కనే పెట్టాల్సింది అనాథ పిల్లల బళ్ళు. 1854 సెప్టెంబరులో న్యూయార్క్ నుంచి మొదటి జట్టుని మిషిగన్‌లోని డొవాజియాక్‌కి పంపారు. 1929 దాకా రెండు లక్షల మంది పిల్లల దాకా ఇలా పడమటికి వెళ్ళారు. స్టేషన్‌లో దించి వరసగా నిలబెడితే రైతులు వచ్చి ఎంచుకునేవారు. అన్నని ఒకళ్ళు, చెల్లిని ఒకళ్ళు తీసుకెళ్ళిన సందర్భాలు చాలా ఉన్నాయి. దాని మీద రాయడానికి నాకు కొంచెం టైం కావాలి, వచ్చే వారం ఇదే థ్రెడ్‌లో పెడతాను. సుభద్ర గారూ, అస్సాం థ్రెడ్ మీరు మొదలుపెట్టండి, గార్డు గారూ నేనూ అక్కడికి వస్తాం.